బార పొడుగు, కాలం కురచ

బావి లోతు నిలువుల్లో చెబుతారు, చేంతాడు పొడవు బారల్లో కొలుస్తారు. తల నుంచి పాదం దాకా ఒక నిలువు. రెండు చేతులూ బార్లా చాపితే ఈ కొనవేలి నుంచి ఆ కొనవేలి దాకా ఒక బార. మామూలు మనిషికి రెండూ ఇంచుమించు సమానం. నిలువును మించిన బార ఉన్న మనిషి కనిపిస్తే పాతకాలం వాళ్లు ఆజానుబాహువు అని మురిసిపోయారు. అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్ కోచ్‌లైతే విమానం టికెట్ కొనుక్కుని మరీ వెళ్లి చూసి వస్తారు.

2019 మే నెలలో చికాగోలో, అమెరికా ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ లీగ్ అయిన ఎన్‌బీఏ జట్లు కొత్త ఆటగాళ్లను ఎంచుకునే ముందు జరిపే కొలతల శిబిరంలో సెనెగల్ కుర్రాడు టాకో ఫాల్‌ను బూట్లు విప్పించి నిలబెట్టారు. బార 8 అడుగుల 2 అంగుళాలు దాటింది. చెయ్యి పైకెత్తమంటే, మడమలు నేలకు ఆని ఉండగానే వేలి కొస 10 అడుగుల 2 అంగుళాల పైకి వెళ్లింది. బాస్కెట్‌బాల్ రింగు ఉండేది 10 అడుగుల ఎత్తులో. అంటే అతను ఎగరక్కర్లేదు. మనం అటక మీది డబ్బా అందుకున్నంత తేలిగ్గా బంతిని బుట్టలో పెట్టి రాగలడు. సెంట్రల్ ఫ్లోరిడా యూనివర్సిటీకి నాలుగేళ్లు ఆడి, వేసిన షాట్లలో 74 శాతం బుట్టలో పడేశాడు. కాలేజీ ఆటలో అది రికార్డు. మరుసటి నెల జరిగిన ఆ ఎంపికలో, అంటే డ్రాఫ్ట్‌లో, 60 పేర్లు చదివారు. ఆ 60లో అతని పేరు లేదు.

ఎందుకు లేదో చెప్పడానికి ఆ ఏడాది మార్చి 24న డ్యూక్ యూనివర్సిటీతో ఆడిన మ్యాచ్ చివరి పావు నిమిషం చాలు. సెంట్రల్ ఫ్లోరిడా మూడు పాయింట్లు ముందుంది. డ్యూక్ ఆటగాడు జయాన్ విలియమ్సన్, ఫాల్ కంటే దాదాపు అడుగు పొట్టివాడు, బంతితో నేరుగా ఫాల్ మీదికే దూసుకొచ్చాడు. బుట్ట పడింది, ఫౌల్ కూడా వచ్చింది. ఫాల్‌కు అది ఐదో ఫౌల్. ఐదైతే ఆట వదిలి బయటికి నడవాల్సిందే. తర్వాత ఆ ఫౌల్‌కు దక్కిన ఫ్రీ త్రోను విలియమ్సన్ వేస్తే అది తప్పింది. రింగుకు తగిలి లేచిన ఆ బంతిని అందుకోవడానికే కదా 7 అడుగుల 6 అంగుళాల మనిషిని పెట్టుకున్నది! ఆ మనిషి అప్పటికే బెంచీ మీద ఉన్నాడు. ఆర్‌జే బారెట్ బంతి అందుకుని లోపలికి తోశాడు. డ్యూక్ 77-76తో గెలిచింది.

అసాధారణమైన ఎత్తున్న కుర్రాళ్ల కోసం కాలేజీల వేట అంతా ఈ పావు నిమిషం చుట్టూనే తిరుగుతుంది. ఎత్తు ఉంటే సరిపోదు, అది కోర్టు మీద నిలబడగలగాలి. పక్కకు జరగగలగాలి, ఫౌల్ కాకుండా ఆపగలగాలి, నలభై నిమిషాల ఆటలో ముప్పై నిమిషాలైనా పరిగెత్తగలగాలి. ఆ ఒడుపు అబ్బడానికి ఏళ్లు పడుతుంది. కోచ్‌ల నోట ఎప్పుడూ నలిగే మాట ఒకటుంది: ఆట నేర్పచ్చు, ఎత్తు నేర్పలేం. మాట నిజమే. కాకపోతే నేర్పడానికి పట్టే కాలం ఎవరి ఖాతాలో పడుతుందన్నది ఆ మాటలో లేదు. కొన్నేళ్లుగా కాలేజీ ఆటలో చిక్కు అక్కడే వచ్చిపడింది.

విచిత్రం ఏమిటంటే మొదట్లో పొడుగువాళ్లను కోచ్‌లు వద్దు పొమ్మనేవారు. 1940ల ఆరంభంలో జార్జ్ మైకన్ అనే కళ్లద్దాల కుర్రాడు నోటర్ డామ్ యూనివర్సిటీ జట్టులో చోటు కోసం వెళితే, కాళ్లూ చేతులూ అదుపులో లేవంటూ తిప్పి పంపారు. ఎత్తు 6 అడుగుల 10 అంగుళాలు. అతను చికాగోలోని డీపాల్ యూనివర్సిటీలోనే ఉండిపోయాడు. అక్కడికి కొత్తగా వచ్చిన రే మేయర్ అనే యువ కోచ్ ఆ శరీరాన్ని పని నేర్చుకోవాల్సిన శరీరంగా చూశాడు. తాడాట ఆడించాడు, బాక్సింగ్ చేయించాడు, చివరికి ఒక పొట్టి అమ్మాయితో డాన్స్ పాఠాలు కూడా చెప్పించాడు. రింగు కింద నిలబడి ఒకసారి కుడిచేత్తో, ఒకసారి ఎడమచేత్తో, బంతి నేలకు తగలనివ్వకుండా వేస్తూ పోవాలి, వందల సార్లు. ఆ కసరత్తుకు మైకన్ డ్రిల్ అని పేరు. ఇవాళ్టికీ ఊరూరా బాస్కెట్‌బాల్ పిల్లలు చేస్తారు. ఎనభై ఏళ్ల కిందట ఒక ఒడ్డూపొడుగూ ఉన్న కుర్రాడి తడబాటును సరిచేయడానికి పుట్టిన పాఠమని వాళ్లలో ఎంతమందికి తెలుసో!

అదే సమయంలో ఓక్లహోమా ఏ అండ్ ఎం కాలేజీలో హెన్రీ ఐబా దగ్గర ఏడడుగుల బాబ్ కర్లాండ్ తయారవుతున్నాడు. ప్రత్యర్థి వేసిన బంతి రింగులోకి దిగబోతుంటే ఈ ఇద్దరూ చెయ్యెత్తి పక్కకు కొట్టేసేవారు. గోల్‌కీపర్ లాగా అన్నమాట. 1944లో కాలేజీ ఆట ఆ పనిని నిషేధించింది. దిగుతున్న బంతిని తాకకూడదన్న నియమం అలా పుట్టింది. నిషేధం వచ్చాక పొడుగువాళ్ల పని అయిపోతుందనుకున్నవాళ్లు పొరబడ్డారు. కర్లాండ్ జట్టు 1945లో, 1946లో వరసగా జాతీయ టైటిల్ గెలిచింది.

ఇక్కడ ఒక చిన్న ముచ్చట. రింగు 10 అడుగులే ఎందుకు? 1891 డిసెంబరులో స్ప్రింగ్‌ఫీల్డ్‌లో, ఈ ఆటను కనిపెట్టిన జేమ్స్ నైస్మిత్‌కు పీచ్ పండ్ల బుట్టలు వేలాడదీయడానికి జిమ్ బాల్కనీ అంచు దొరికింది. ఆ అంచు 10 అడుగుల ఎత్తులో ఉంది. అంతే. ఆ బాల్కనీ కట్టిన మేస్త్రీ ఇంకో మూడు వరసల ఇటుక పేర్చి ఉంటే ఇవాళ ఏడడుగుల కుర్రాళ్ల కోసం ఖండాలు దాటే వేట ఇలాగే ఉండేదా అన్నది సరదా ప్రశ్నేం కాదు. నైస్మిత్ శిష్యుడు, కాన్సస్ యూనివర్సిటీ కోచ్ ఫాగ్ అలెన్ ఏళ్ల తరబడి రింగును 12 అడుగులకు పెంచాలని ప్రచారం చేశాడు. పొడుగువాళ్ల వల్ల ఆట పాడవుతోందని అతని బాధ. ఆ అలెనే 1955లో విల్ట్ ఛాంబర్లిన్‌ను కాన్సస్‌కు తెచ్చుకున్నాడు. సిద్ధాంతం సిద్ధాంతమే, ఏడడుగుల ఒక అంగుళం ఏడడుగుల ఒక అంగుళమే.

ఇప్పుడు మనం రిక్రూటింగ్ అని పిలిచే తతంగానికి అసలు రూపం వచ్చింది ఛాంబర్లిన్‌తోనే. ఫిలడెల్ఫియాలోని ఓవర్‌బ్రూక్ హైస్కూల్లో చదివే ఆ కుర్రాడి కోసం 200కు పైగా కాలేజీలు క్యూ కట్టాయి. అతను కాన్సస్‌కు వెళ్లాడు. అలెన్‌కు మాత్రం కోచింగ్ చేసే భాగ్యం దక్కలేదు. 70 ఏళ్లు నిండాయని 1956లో యూనివర్సిటీ రిటైర్ చేసింది, ఛాంబర్లిన్ ప్రధాన జట్టుకు ఆడబోయే ముందే. అప్పట్లో మొదటి ఏడాది విద్యార్థులు ప్రధాన జట్టుకు ఆడకూడదు. ఛాంబర్లిన్‌కు నిబంధనలు దాటి అందిన కారు విషయంలో 1960లో, కాలేజీ ఆటలను నడిపే సంస్థ ఎన్‌సీఏఏ కాన్సస్‌కు శిక్ష కూడా వేసింది.

1957 ఫైనల్లో కాన్సస్‌కు ఎదురుపడింది నార్త్ కరొలినా. ఆట మొదలవడానికి రెఫరీ బంతిని పైకి విసురుతాడు, రెండు జట్ల నుంచి చెరొకరు ఎగిరి తట్టాలి. ఏ కోచ్ అయినా తన జట్టులో అందరికంటే పొడుగువాణ్ని పంపుతాడు. నార్త్ కరొలినా కోచ్ ఫ్రాంక్ మెగ్వైర్ 5 అడుగుల 11 అంగుళాల టామీ కెర్న్స్‌ను పంపాడు. ఎలాగూ ఆ బంతి దక్కదు, కనీసం జనం నవ్వుతారు, ఛాంబర్లిన్ కాస్త చికాకు పడతాడు అన్నది లెక్క. తర్వాత ఆట మొత్తం ముందొకరు, వెనకొకరు అతన్ని చుట్టుముట్టి బంతి అందకుండా చేశారు. మూడు అదనపు పీరియడ్లు ఆడాక నార్త్ కరొలినా 54-53తో గెలిచింది. ఒక్క మహాకాయుణ్ని తెచ్చుకుంటే కప్పు వచ్చేసినట్టే అనుకునే కోచ్‌లకు ఆ స్కోరు మొదటి హెచ్చరిక.

ఆ హెచ్చరికను పట్టించుకోనవసరం లేని మనిషి ఒక్కడే వచ్చాడు. న్యూయార్క్‌లోని పవర్ మెమోరియల్ స్కూల్ నుంచి 1965లో లాస్ ఏంజెలెస్‌లోని యూసీఎల్‌ఏ యూనివర్సిటీకి వెళ్లిన ల్యూ ఆల్సిండర్, తర్వాతి కాలపు కరీమ్ అబ్దుల్ జబ్బార్. మొదటి ఏడాది పిల్లల జట్టు తరఫున ఆడుతూనే, అప్పటి జాతీయ ఛాంపియన్లైన తమ సీనియర్లను 75-60తో ఓడించాడు. సీనియర్ జట్టులోకి వచ్చాక మూడేళ్లలో 88 గెలుపులు, 2 ఓటములు, మూడు టైటిళ్లు. 1967లో కాలేజీ ఆట డంక్‌నే, అంటే ఎగిరి బంతిని చేత్తో నేరుగా రింగులోకి కుక్కడాన్నే, నిషేధించింది. 1976 దాకా ఆ నిషేధం నడిచింది. డంక్ లేకపోవడంతో అతను పక్కకు తిరిగి, ఒంటి చేత్తో తల మీదుగా వేసే హుక్ షాట్‌ను ఇంకా పదును పెట్టుకున్నాడు. తర్వాత ఇరవై ఏళ్లు దాన్ని ఎవరూ ఆపలేకపోయారు. నియమాలు ఎత్తును అణచాలని చూసిన ప్రతిసారీ ఎత్తున్నవాడు ఇంకో పని నేర్చుకుని వచ్చాడు.

7 అడుగుల 4 అంగుళాల రాల్ఫ్ శాంప్సన్ వర్జీనియాకు ఆడుతూ మూడుసార్లు దేశంలోనే మేటి ఆటగాడు అనిపించుకున్నాడు, జాతీయ టైటిల్ మాత్రం రాలేదు. పైగా 1982 డిసెంబరులో హవాయిలో చామినాడ్ అనే పేరు వినని చిన్న కాలేజీ చేతిలో ఓటమి.

1986-87 సీజన్ నుంచి కాలేజీ ఆటలో మూడు పాయింట్ల గీత వచ్చింది, దాని బయటి నుంచి వేసిన బుట్టకు రెండు కాదు, మూడు పాయింట్లు. దాంతో పొడుగువాడికి గిరాకీ తగ్గలేదు కానీ ఎలాంటి పొడుగువాడు కావాలన్నది మారింది. గీత బయట నుంచి షాట్లు పడుతుంటే రింగు కిందే పాతుకుపోయిన మనిషిని ఆ గీత దాకా లాక్కొస్తారు. బంతి తెచ్చేవాడు తన కాపలావాడికి తోటి ఆటగాణ్ని అడ్డంగా నిలబెట్టించి, ఆ భారీ మనిషిని ఒంటరిగా తన ఎదుట నిలబెట్టుకుని, అటూ ఇటూ ఆడించి దాటిపోతాడు. అందుకే ఇవాళ కోచ్ గ్యాలరీలో కూర్చుని ఏడడుగుల పదహారేళ్ల కుర్రాణ్ని చూస్తున్నప్పుడు అతని తల వంక చూడడు. పాదాల వంక చూస్తాడు. వెనక్కి పరిగెత్తేటప్పుడు ఎన్ని అడుగుల్లో తిరిగాడు? పాస్ వచ్చినప్పుడు బంతి చేతుల్లో ఇమిడిందా, తగిలి జారిపోయిందా? కింద పడితే ఎంత సేపట్లో లేచాడు? మూడో నిమిషానికి చేతులు మోకాళ్ల మీదికి వచ్చాయా? ఈ చిన్న చిన్న గుర్తులే స్కాలర్‌షిప్పును తేలుస్తాయి.

జట్టు వివరాల పుస్తకంలో అచ్చయ్యే ఎత్తును ఎవరూ నమ్మరు. బూట్లతో కొలిచి, ఒక అంగుళం కలిపి, ఏడు దాకా లాగడం ఎప్పటి నుంచో ఉన్నదే. బూట్లు లేకుండా కొలిచిన ఎత్తునే ప్రకటించాలని ఎన్‌బీఏ కూడా 2019లో గానీ పట్టుబట్టలేదు. అందుకే అనుభవం ఉన్న కోచ్ చెయ్యి పైకెత్తి నిలబడిన కొలత అడుగుతాడు. తల ఎక్కడుందన్నది ఆటకు అనవసరం, వేళ్లు ఎక్కడిదాకా వెళతాయన్నదే లెక్క.

ఇక వయసు లెక్క. పద్నాలుగేళ్లకు ఆరున్నర అడుగులున్న పిల్లవాడు ఇంకా పెరుగుతాడా, ఆగిపోయాడా? మణికట్టు ఎక్స్‌రే తీస్తే ఎముకల చివర్లలోని ఎదుగుదల పొర మూసుకుందో లేదో డాక్టర్లు చెప్పగలరు. ఎంత చెప్పినా జాతకం జాతకమే. డేవిడ్ రాబిన్సన్ నేవల్ అకాడమీలో చేరినప్పుడు ఆరున్నర అడుగుల చిల్లర. చదువు పూర్తయ్యేసరికి 7 అడుగుల 1 అంగుళం, ఓడల్లో ఇమడనంత. ఆంథొనీ డేవిస్ హైస్కూల్లో బంతి తెచ్చే గార్డుగా ఆడుతూ ఉన్నట్టుండి అరడుగుకు పైగా పెరిగాడు. గార్డు ఒడుపు పోలేదు, ఎత్తు వచ్చి చేరింది. 2012లో కెంటకీకి టైటిల్ తెచ్చాడు. ముందు ఆట నేర్చుకుని తర్వాత పెరిగినవాడు కోచ్‌లకు లాటరీ. హైదరాబాద్ శివార్లలోని హకీంపేట క్రీడా పాఠశాల ఎంపికల్లోనూ పరుగు, గెంతులతో పాటు నాలుగో తరగతి పిల్లల ఎత్తు కొలుస్తారు. ఎనిమిది తొమ్మిదేళ్ల వయసులో ఆ కొలత చెప్పగలిగేది చాలా తక్కువ.

పొడుగువాళ్లు చాలామంది బాస్కెట్‌బాల్‌కు ఆలస్యంగా వస్తారు. ఆశ్చర్యంగా అదే వాళ్లకు లాభించింది. హకీమ్ ఒలాజువాన్ లాగోస్‌లో హ్యాండ్‌బాల్ ఆడాడు, ఫుట్‌బాల్‌లో గోల్‌కీపర్‌గా నిలబడ్డాడు. ఆ పాదాల చురుకే 1980లో హ్యూస్టన్ చేరాక అతన్ని అందరి నుంచీ వేరు చేసింది. జోయెల్ ఎంబీడ్ కామెరూన్‌లో వాలీబాల్ ఆడేవాడు. డికెంబె ముటోంబో కాంగో నుంచి జార్జ్‌టౌన్‌కు వచ్చింది అసలు డాక్టరు కావాలని, అమెరికా ప్రభుత్వ సాయ సంస్థ స్కాలర్‌షిప్ మీద. 7 అడుగుల 2 అంగుళాల మనిషి క్యాంపస్‌లో పుస్తకాలు పట్టుకుని తిరుగుతుంటే కోచ్ జాన్ థాంప్సన్ కంట పడకుండా ఉంటాడా?

ఆఫ్రికా దారి మొదట్లో ఎంత అస్తవ్యస్తంగా ఉండేదో మనూట్ బోల్ కథ చెబుతుంది. సూడాన్‌లోని డింకా తెగ మనిషి, 7 అడుగుల 7 అంగుళాలు. పాస్‌పోర్టులో మాత్రం 5 అడుగుల 2 అంగుళాలు! కూర్చుని ఉండగా కొలిచారని అతనే నవ్వుతూ చెప్పేవాడు. ఇంగ్లిష్ రాదు, పుట్టిన తేదీకి కాగితం లేదు. అతన్ని రప్పించుకున్న క్లీవ్‌లాండ్ స్టేట్ తరఫున ఒక్క మ్యాచ్ ఆడలేకపోయాడు. నిబంధనలు దాటి ఖర్చులు భరించారని ఆ యూనివర్సిటీకి తర్వాత శిక్ష కూడా పడింది. చివరికి రెండో శ్రేణిలో ఆడే బ్రిడ్జ్‌పోర్ట్ అనే చిన్న కాలేజీలో 1984-85లో ఒక్క సీజన్ ఆడాడు. ప్రత్యర్థి షాట్లను గాల్లోనే అడ్డుకోవడం, అంటే బ్లాక్‌లు, మ్యాచ్‌కు సగటున ఏడు. మరుసటి ఏడాదే ఎన్‌బీఏ.

ఇప్పుడు ఆ దారికి రోడ్డు వేశారు. సెనెగల్‌లో ఎన్‌బీఏ అకాడమీ ఉంది. దక్షిణ సూడాన్‌లో పుట్టి ఉగాండాలో పెరిగిన కమాన్ మలువాచ్ అక్కడ శిక్షణ పొంది, 17 ఏళ్లకే పారిస్ ఒలింపిక్స్ ఆడి, డ్యూక్‌లో ఒక్క ఏడాది ఉండి, 2025 డ్రాఫ్ట్‌లో పదో స్థానంలో ఎంపికయ్యాడు. రోడ్డున్న చోట దళారులూ ఉంటారు. పిల్లవాడి తల్లిదండ్రులు వేరే ఖండంలో ఉంటారు. ఇక్కడ సంరక్షకుడినంటూ ఒకరు, స్కూలు చూపించేవారు ఒకరు, కాలేజీతో మాట్లాడేవారు ఇంకొకరు. ఆ స్కూల్లో చెప్పిన చదువు ఎన్‌సీఏఏ లెక్కకు వస్తుందో రాదో అడిగే నాథుడుండడు. కాలేజీ ఆటలో పై శ్రేణి అయిన డివిజన్ వన్‌లో ఆడాలంటే హైస్కూల్లో 16 ప్రధాన సబ్జెక్టుల కోర్సులు గుర్తింపు ఉన్నచోట చదివి ఉండాలి. చదువులో చురుకైనవాడని పేరున్న టాకో ఫాల్‌ను కూడా 2015లో, అతను చదివిన స్కూలు కోర్సుల మీద అనుమానంతో, ముందు అనర్హుడన్నారు. ఆ తర్వాత గానీ అనుమతించలేదు. స్కూలు బాగోగులు తేల్చుకోవాల్సింది పెద్దలైతే సంజాయిషీ చెప్పుకోవాల్సి వచ్చింది కుర్రాడు.

తండ్రికి ఉద్యోగం ఇచ్చి కొడుకును తెచ్చుకునే పద్ధతి మాత్రం అచ్చమైన అమెరికాది. 1983లో కాన్సస్ కోచ్ లారీ బ్రౌన్, ట్రక్కు నడుపుతున్న మాజీ ఆటగాడు ఎడ్ మానింగ్‌ను అసిస్టెంట్ కోచ్‌గా పెట్టుకున్నాడు. కొడుకు డానీ, 6 అడుగుల 10 అంగుళాలు, కాన్సస్‌కు వచ్చాడు. 1988లో టైటిల్ వచ్చింది. 2018లో సదరన్ కాలిఫోర్నియా యూనివర్సిటీ ఎరిక్ మోబ్లీని అలాగే చేర్చుకుంది. ఏడడుగుల కొడుకు ఇవాన్ రెండేళ్లకు వెనకాలే వచ్చాడు. మన దగ్గర పెళ్లి సంబంధాల్లో మామగారికి చేసే మర్యాదల్లాంటివే ఇవి, కాకపోతే జీతం చెక్కు మీద రాస్తారు.

భారత మూలాలున్న ఇద్దరు పంజాబీ మహాకాయుల దారులు పక్కపక్కన పెట్టి చూడదగ్గవి. బర్నాలా జిల్లా బల్లో కే గ్రామం నుంచి సత్నామ్ సింగ్ 14 ఏళ్ల వయసులో ఫ్లోరిడాలోని ఐఎంజీ అకాడమీకి వెళ్లాడు. 7 అడుగుల 2 అంగుళాలు. కాలేజీ మెట్టు ఎక్కకుండానే 2015 డ్రాఫ్ట్‌లో నిలబడ్డాడు. డాలస్ జట్టు 52వ స్థానంలో ఎంచుకుంది. భారతదేశంలో పుట్టి ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లో ఎంపికైన మొదటి ఆటగాడు అతనే. అయితే ఎన్‌బీఏ లీగ్ మ్యాచ్ ఒక్కటీ ఆడలేదు. టొరంటోలో పుట్టిన సిమ్ భుల్లర్, 7 అడుగుల 5 అంగుళాలు, న్యూ మెక్సికో స్టేట్‌లో రెండు సీజన్లు ఆడి, జట్టును జాతీయ టోర్నమెంటుకు తీసుకెళ్లి, 2015 ఏప్రిల్‌లో శాక్రమెంటో తరఫున ఎన్‌బీఏ కోర్టు మీద కాలు పెట్టాడు. భుల్లర్ కూడా అక్కడ మూడు మ్యాచ్‌లకే పరిమితం. అయినా రెండేళ్ల కాలేజీ ఆట ఉన్నవాడికీ లేనివాడికీ మధ్య ఎన్‌బీఏ కోర్టు గీత దాటిన తేడా ఉంది. సత్నామ్ శరీరానికి కావాల్సింది డ్రాఫ్ట్ రాత్రి కాదు, మూడు నాలుగేళ్ల కాలేజీ మ్యాచ్‌లు.

కోచ్‌కు ఆనందం కలిగించే కొలతే డాక్టరుకు భయం పుట్టిస్తుంది. నిలువు కంటే బార బాగా ఎక్కువగా ఉండడం మార్ఫన్ సిండ్రోమ్ గుర్తుల్లో ఒకటి. కండరాలను, రక్తనాళాలను పట్టి ఉంచే కణజాలం బలహీనంగా ఉండే జన్యులోపం అది. పొడవైన కాళ్లు, చేతులు, వేళ్లు పైకి కనిపిస్తాయి. గుండె నుంచి బయల్దేరే బృహద్ధమని లోపల ఉబ్బుతుంది, పరుగులో ఎప్పుడు చిట్లుతుందో తెలియదు. బేలర్‌కు రెండేళ్లు ఆడిన 7 అడుగుల 1 అంగుళం ఐజయా ఆస్టిన్‌కు ఈ సంగతి 2014 జూన్‌లో, డ్రాఫ్ట్‌కు కొద్దిరోజుల ముందు ఎన్‌బీఏ పరీక్షల్లో బయటపడింది. డ్రాఫ్ట్ రాత్రి కమిషనర్ ఆడమ్ సిల్వర్ గౌరవంగా అతని పేరు చదివాడు, ఏ జట్టూ ఎంచుకోకపోయినా. కాలేజీలు ఎత్తును వెతుక్కుంటూ ఇంత దూరం వెళుతున్నప్పుడు చేర్చుకునే రోజే గుండెకు ఎకో తీయించడం పెద్ద ఖర్చేం కాదు.

పిట్యూటరీ గ్రంథి మీద కణితి ఉన్నా ఎత్తు ఆగదు. యూసీ అర్వైన్‌కు ఆడిన సెనెగల్ కుర్రాడు మమడూ ఎన్‌జాయ్, 7 అడుగుల 6 అంగుళాలు, అలాంటి కణితికి ఆపరేషన్ చేయించుకున్నవాడే. యూఎన్‌సీ ఆష్‌విల్‌లో 7 అడుగుల 7 అంగుళాల కెన్నీ జార్జ్‌కు 2008లో పాదానికి ఇన్‌ఫెక్షన్ సోకి కుడిపాదంలో కొంత భాగం తీసేయాల్సి వచ్చింది. ఆట అక్కడితో సరి. అంత బరువును మోసే పాదంలో చిన్న ఎముక చిట్లినా నెలలు పడుతుంది మానడానికి. పోర్ట్‌లాండ్ జట్టు గ్రెగ్ ఓడెన్ మోకాళ్ల మీద, సామ్ బోవీ కాళ్ల మీద పెట్టిన ఆశలు ఏమయ్యాయో ఆ ఊరివాళ్లను అడగాలి. బోవీ కెంటకీ కాలేజీలో ఉండగానే కాలి ఎముక చిట్లి రెండు సీజన్లు కూర్చున్నాడు.

ఇన్ని అడ్డంకులు దాటి ఎత్తు ఆటగా మారితే ఎలా ఉంటుందో జాక్ ఈడీ చూపించాడు. టొరంటో కుర్రాడు, 7 అడుగుల 4 అంగుళాలు, చిన్నప్పుడు ఐస్ హాకీ, బేస్‌బాల్. హైస్కూల్ సగంలో బాస్కెట్‌బాల్‌కు వచ్చాడు. రిక్రూటింగ్ జాబితాల్లో నాలుగు వందల మంది తర్వాత ఎక్కడో ఉన్నాడు. పర్డూ కోచ్ మాట్ పెయింటర్‌కు పెద్ద శరీరాలను ఓపిగ్గా సాకే అలవాటు ముందు నుంచీ ఉంది. మొదటి ఏడాది ఈడీని మ్యాచ్‌కు పావుగంట ఆడించాడు, సగటు 8.7 పాయింట్లు. రెండో ఏడు దాదాపు ఇరవై నిమిషాలు, 14.4. మూడో ఏడు 22.3 పాయింట్లు, నాలుగో ఏడు 25.2. వరసగా రెండేళ్లు దేశంలో మేటి ఆటగాడు. ఆ మెట్లు ఒక్కొక్కటీ ఒక్కో వేసవి ఖరీదు.

అయినా ఎత్తు ఒంటరిదే. 2023 మార్చిలో పర్డూ, జాతీయ టోర్నమెంటులో ఆఖరి ర్యాంకైన పదహారో సీడ్ ఫెయిర్‌లీ డికిన్సన్ చేతిలో 63-58తో ఓడింది. డివిజన్ వన్ మొత్తంలో పొట్టి జట్టు అదే. ఈడీ 21 పాయింట్లు వేసి, తప్పిపోయిన షాట్ల బంతుల్ని 15 సార్లు అందుకున్నాడు. కానీ అతని చుట్టూ ఇద్దరు ముగ్గురు గుమిగూడి బంతి రాకుండా చేశారు. పర్డూ బయటి నుంచి వేసిన 26 షాట్లలో ఐదే పడ్డాయి. 1957 ఫైనల్లో మెగ్వైర్ పన్నిన ఉచ్చు అరవై ఆరేళ్ల తర్వాత కూడా అలాగే పనిచేసింది. మరుసటి ఏడాది పర్డూ ఫైనల్ దాకా వెళ్లింది, ఈడీ 37 పాయింట్లు వేసినా కనెక్టికట్ 75-60తో గెలిచింది. ఆ జట్టులోనూ ఏడడుగుల రెండంగుళాల డానవన్ క్లింగన్ ఉన్నాడు.

ఈడీ లాగా నాలుగేళ్లు ఒకేచోట ఉండడం ఇప్పుడు అరుదు. 2018లో కాలేజీ మారాలనుకునేవాళ్లు పేరు నమోదు చేసుకునే ట్రాన్స్‌ఫర్ పోర్టల్ వచ్చింది. మొదటిసారి కాలేజీ మారేవాడు ఏడాది ఆగకుండా వెంటనే ఆడొచ్చని 2021లో అన్నారు. అదే ఏడాది జులై నుంచి ఆటగాళ్లు తమ పేరు మీద, బొమ్మ మీద డబ్బు సంపాదించుకోవచ్చు. 2025-26 నుంచి ఒక్కో యూనివర్సిటీ ఆటగాళ్లకు నేరుగా ఏటా 2 కోట్ల డాలర్లకు పైగా పంచవచ్చు. దశాబ్దాల పాటు ఆటగాడి చెమటతో కోట్లు వెనకేసుకున్న వ్యవస్థ ఇప్పటికైనా వాటా ఇవ్వడం న్యాయమే. దాని పక్క ప్రభావం మాత్రం పొడుగువాళ్ల మీద ఎక్కువ పడుతోంది. గార్డు పద్దెనిమిదేళ్లకే ఆటగాడు. ఏడడుగులవాడు ఇరవై ఒకటి, ఇరవై రెండుకు గానీ కాడు. ముందు రెండేళ్లు పెంచిన కాలేజీ ఒకటి, ఫలం కోసేది ఇంకొకటి.

సరగోసా నుంచి వచ్చిన 7 అడుగుల 3 అంగుళాల స్పెయిన్ కుర్రాడు అడాయ్ మారా యూసీఎల్‌ఏలో రెండు సీజన్లు తక్కువ నిమిషాలతో నెట్టుకొచ్చి 2025లో మిషిగన్‌కు వెళ్లిపోయాడు. మిషిగన్‌కు అది అలవాటైన పనే. ముందు ఏడాది ఇద్దరు ఏడడుగులవాళ్లు, టెక్సస్ టెక్, ఫ్లోరిడా అట్లాంటిక్ మీదుగా వచ్చిన వ్లాదిస్లావ్ గోల్డిన్, యేల్ నుంచి వచ్చిన డానీ వుల్ఫ్, ఒకేసారి ఆ జట్టు తరఫున దిగారు. అమ్మాయిల ఆటలోనూ అంతే. 6 అడుగుల 7 అంగుళాల లారెన్ బెట్స్ స్టాన్‌ఫర్డ్‌లో ఒక్క ఏడాది ఉండి యూసీఎల్‌ఏకు మారాకే అసలు ఆట బయటపడింది. ఇందులో కుర్రాళ్ల తప్పేమీ లేదు. బెంచీ మీద కూర్చోబెట్టినవాడి దగ్గర ఎందుకుండాలి? కానీ కోచ్ లెక్క కూడా మారుతుంది. నేను మైకన్ డ్రిల్ చేయించి పెడితే పక్కవాడు తీసుకుపోతాడన్నప్పుడు, పద్దెనిమిదేళ్ల ముడిసరుకు కంటే ఇరవై ఒక్కేళ్ల తయారైన సరుకే మేలనిపిస్తుంది. చిన్న కాలేజీలు, స్పెయిన్, ఫ్రాన్స్ క్లబ్బులు పెంపకం పని చేస్తాయి, పెద్ద కాలేజీలు బజారుకు వస్తాయి.

విదేశీ కుర్రాళ్లకు ఇంకో తలనొప్పి. విద్యార్థి వీసా మీద ఉన్నవాడు ప్రకటనలో నటించడాన్ని ఉద్యోగంగా లెక్కిస్తే వీసాకే ముప్పు. దేశంలో మేటి ఆటగాడై ఉండి కూడా ఈడీ సాటివాళ్లలా సంపాదించుకోలేకపోయాడు. అమెరికాలో ఎంఎస్ చేసిన తెలుగు పిల్లలు ఈ బాధను వెంటనే అర్థం చేసుకుంటారు. వీసా మీదున్నవాడు క్యాంపస్ బయట గంట పని చేసినా గుండె దడే.

ఈ హడావుడి మధ్యలో ఒక కుర్రాడు మాత్రం ఆగి చూశాడు. క్యూబెక్‌లోని టెర్‌బాన్ ఊరివాడు ఒలివియే రియూ, 7 అడుగుల 9 అంగుళాలు. 2024లో ఫ్లోరిడా యూనివర్సిటీకి వచ్చాడు. అప్పుడు జట్టుకు ఉండే 13 స్కాలర్‌షిప్పుల్లో ఒకటి అతనికి దక్కలేదు, వాక్-ఆన్‌గా అంటే స్కాలర్‌షిప్పు లేకుండా, చేరాడు. మొదటి సీజన్ మొత్తం రెడ్‌షర్ట్. అంటే ప్రాక్టీసు ఉంటుంది, మ్యాచ్ ఉండదు. ఐదేళ్ల గడువులో నాలుగు సీజన్లు ఆడొచ్చన్నది అప్పటి నియమం కాబట్టి ఆ ఒక్క ఏడాదిని శరీరానికి కేటాయించారు. 2025 ఏప్రిల్‌లో ఫ్లోరిడా జాతీయ టైటిల్ గెలిచినప్పుడు అతను ఒక్క నిమిషం కూడా ఆడి లేడు. ఆ నవంబరులో నార్త్ ఫ్లోరిడా మీద ఆట తేలిపోయాక, చివరి రెండు నిమిషాల కోసం కోచ్ అతన్ని పిలిచాడు. జనం లేచి నిలబడ్డారు. కాలేజీ బాస్కెట్‌బాల్‌లో ఇంత ఎత్తున్న మనిషి అంతకు ముందు కోర్టు మీదికి రాలేదు. గడియారం రెండు నిమిషాలూ తిరిగింది, అతను వెనక్కి వచ్చి మిగతావాళ్లతో పాటు కూర్చున్నాడు. కూర్చున్నా వరసలో అతని తలే పైన కనిపిస్తోంది.